అశోకుడి రాయి మీద అడవి వాళ్ళకి రాసిన మాట

పోస్టు పెద్దదే. సిగ్నల్ ఉన్నచోట తెరిచి పెట్టుకోండి, ఇంటికెళ్ళాక తీరిగ్గా చదువుకోవచ్చు.

మేము ముగ్గురం హాస్టల్లో ఒకే రూమ్. ఒకడు సీతంపేట వైపు సవర, ఒకడు పాడేరు వైపు కొండదొర, ఇది టైపు చేస్తున్నవాడు చింతూరు వైపు కోయ. మూడిళ్ళల్లోనూ కాలేజీకి వచ్చింది మేమే మొదలు. డిగ్రీతో పాటు గ్రూప్స్ కి కూడా చదువుతున్నాం కాబట్టి చరిత్ర బిట్లు బాగానే బట్టీ పట్టాం. కళింగ యుద్ధం ఎప్పుడు? సుమారు క్రీ.పూ. 261. ఏ శాసనంలో ఉంది? 13వ శిలాశాసనం. యుద్ధం తర్వాత అశోకుడు ఏం చేశాడు? పశ్చాత్తాపపడి ధర్మవిజయం మొదలెట్టాడు. మూడు బిట్లు, మూడు మార్కులు. ఆరో క్లాసు నుంచి ఇప్పటిదాకా ఇదే చదివాం, ఇదే రాశాం.

మొన్న లైబ్రరీలో 13వ శాసనం అనువాదం మొత్తం దొరికింది. బిట్ కోసం కాకుండా ఊరికే మొదటి నుంచి చివరిదాకా చదివాం. మొదట్లో ఉన్నది మనందరికీ తెలిసిందే. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్ళకి కళింగాన్ని గెలిచానంటాడు. లక్షా యాభై వేలమందిని అక్కడి నుంచి తరలించుకుపోయారట, లక్షమంది చంపబడ్డారట, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయారట. తన తప్పు వల్ల చచ్చినవాళ్ళ లెక్క తానే రాయి మీద చెక్కించుకున్న రాజు మనకి ఇంకెవరూ తెలీదు. అందుకు అశోకుడిని మెచ్చుకోవాల్సిందే. మేం ఇప్పటికీ మెచ్చుకుంటున్నాం.

అయితే ఆ బాధ చెప్పిన తర్వాత, కొంచెం కిందకి వస్తే, ఒక మాట ఉంది. అది మాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. తన రాజ్యంలో ఉన్న అడవి వాళ్ళ గురించి. వాళ్ళని కూడా రాజుగారు బుజ్జగిస్తున్నాడట, మంచి దారికి రమ్మని నచ్చచెబుతున్నాడట. దాంతోపాటే, పశ్చాత్తాపపడినా తన చేతిలో శక్తి అలాగే ఉందని కూడా వాళ్ళకి చెప్పిస్తున్నాడట. ఎందుకంటే వాళ్ళు సిగ్గుపడాలి, చంపబడకుండా ఉండాలి.

చదివి ముగ్గురం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సవర తమ్ముడే అడిగాడు, "సిగ్గు దేనికిరా?" అని. నిజమే కదా. లక్షమందిని చంపించింది రాజు, సిగ్గుపడాల్సింది అడవిలో ఉన్నవాళ్ళా? వాళ్ళు ఏం చేశారో ఆ రాయి మీద లేదు. దొంగతనం చేశారా, పన్ను కట్టలేదా, సైన్యానికి దారి ఇవ్వలేదా, ఒక్క ముక్క కూడా లేదు. తప్పు పేరు రాయలేదు, శిక్ష మాత్రం రాశారు.

ఇంకొకటి. ఆ శాసనంలో అడవి వాళ్ళకి వాడిన మాట ఏంటో తెలుసా? 'అటవి'. ప్రాకృతంలో ఉన్న మాట, ఇప్పుడు మనం వాడుతున్న అదే మాట. 2006 అటవీ హక్కుల చట్టం అంటున్నామే, అందులో ఉన్నది అదే. 2,200 ఏళ్ళకి పైబడిన మాట. అక్కడ కోయ అని లేదు, సవర అని లేదు, ఇంకే తెగ పేరూ లేదు. అదే శాసనంలో యోనులు, కాంబోజులు, భోజులు, ఆంధ్రులు అని జాతుల పేర్లు వరసగా ఉన్నాయి. అడవి వాళ్ళకి మాత్రం అడవే పేరు. మనల్ని మనుషులుగా లెక్కేయకుండా స్థలంగా లెక్కేశారా అని కొండదొర అన్న అన్నాడు. అంత దూరం వెళ్ళకురా అన్నాం గానీ, ఆ మాట మాకూ మనసులో ఉండిపోయింది.

ఇక్కడ ఎవరైనా అనొచ్చు, అదెక్కడో ఉత్తరాన రాసిన రాయి, మనకేం సంబంధం అని. మన దగ్గరా ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, జొన్నగిరి దగ్గర, 14 శిలాశాసనాలూ చెక్కి ఉన్నాయి. 13వది కూడా. 14 లేనిది ఎక్కడంటే కళింగంలో! ఒడిశాలో ధౌలి, జౌగడ అని రెండు చోట్ల అశోకుడి శాసనాలున్నాయి. ఆ రెండు చోట్లా 11, 12, 13 చెక్కించలేదు. యుద్ధం జరిగిన నేల మీద యుద్ధం సంగతి లేదు. దాని బదులు రెండు ప్రత్యేక శాసనాలు పెట్టించాడు. మనుషులందరూ నా పిల్లలే అన్నది అందులోదే. ఎవరినీ కారణం లేకుండా కట్టేయకండి, హింసించకండి, కోపం, తొందరపాటు, బద్ధకం వద్దు అని అధికారులకి చెప్పింది కూడా అందులోనే. ఇంకా లొంగని సరిహద్దు జనానికి, నన్ను చూసి భయపడొద్దు, క్షమించగలిగినంత వరకు క్షమిస్తాను అని కబురు పంపాడు. 'క్షమించగలిగినంత వరకు' అన్నచోట మేం పెన్సిలుతో గీత పెట్టాం. జౌగడ ఉన్నది గంజాం జిల్లాలో. సవర కొండలకి మరీ దూరమేం కాదు.

ఆ ప్రత్యేక శాసనాల్ని తిష్య నక్షత్రం రోజున జనానికి చదివి వినిపించాలని కూడా రాసి ఉంది. జనానికి చదువు రాదు కదా, అధికారి నిలబడి చదివితే వినాలి. దీని దగ్గర మాకు మా ఊరు గుర్తొచ్చింది. మేం చిన్నప్పుడు ఊరికి ఒక కాగితం వచ్చింది. తెచ్చినాయన సగం చదివాడు, సగం తన మాటల్లో చెప్పాడు. పెద్దవాళ్ళు వేలిముద్రలు వేశారు. అందులో అసలు ఏం రాసుందో ఇప్పటికీ మాకు తెలీదు. చదివించుకునే వాళ్ళకి చదివినంతే తెలుస్తుంది. కళింగంలో వాళ్ళకి 13వ శాసనం ఎవరూ చదివి వినిపించి ఉండరు, రాయి మీదే లేదు కాబట్టి. తమ లక్షమంది లెక్క పక్క రాజ్యాల వాళ్ళకి తెలిసింది, వాళ్ళకి తెలీలేదు.

సరే, అంత పెద్ద రాజు అడవి వాళ్ళకి అంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వచ్చింది? దీనికి జవాబు మాకు కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దొరికింది. ఆ పుస్తకంలో తర్వాతి కాలం చేర్పులు ఉన్నాయంటారు, అయినా రాజులు ఎలా ఆలోచించేవాళ్ళో అందులో బాగా తెలుస్తుంది. దొంగలు ఎక్కువ ప్రమాదమా, ఆటవికులు ఎక్కువ ప్రమాదమా అని ఒకచోట చర్చ పెడతాడు. ఆటవికులే అని తేలుస్తాడు. కారణం చూడండి: వాళ్ళు సొంత నేల మీద ఉంటారు, చాలామంది, ధైర్యవంతులు, దాక్కోకుండా ఎదురుగా నిలబడి యుద్ధం చేస్తారు, రాజుల్లాగే ఉంటారు. తిట్టడానికి రాసిందే, చదువుతుంటే మాత్రం మాకు ఛాతీ పొంగింది. చెప్పొద్దూ, ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాం.

అదే పుస్తకంలో ఏనుగుల అడవుల గురించి ఉంటుంది. ఏనుగుని చంపినవాడికి మరణశిక్ష. దానంతట అది చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చి ఇచ్చినవాడికి నాలుగున్నర పణాలు. సైన్యానికి ఏనుగులు కావాలి, అవి అడవిలో ఉంటాయి, అడవి తెలిసినవాళ్ళు మనవాళ్ళు. అందుకని మనం శత్రువులం, అవసరం కూడా. సైన్యంలో ఆటవిక బలం అని ఒక విభాగమే చెబుతాడు, దాన్ని నమ్మొద్దనీ అంటాడు.

ఆంధ్రుల పేరు పైన వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. అశోకుడి కంటే ముందుదైన ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడు శపించిన కొడుకుల కథ ఉంది. ఆ కొడుకుల సంతతి అంటూ సరిహద్దు అవతలి జనాల పేర్లు చెబుతారు. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు. ఆంధ్రుల పేరు మొదట కనిపించేది ఇక్కడే అని మనం బిట్ చదువుతాం. పక్కనే శబరుల పేరు ఉందని బిట్ లో ఉండదు. ఒకే వాక్యంలో, ఒకే శాపం కింద, ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆ రెండు పేర్లలో ఒకటి రాష్ట్రం పేరైంది. సవర తమ్ముడు ఆ రోజు మెస్ లో రెండు గుడ్లు తిన్నాడు, ఒకటి మేం ఇచ్చాం.

తర్వాత ఆరు వందల ఏళ్ళకి సముద్రగుప్తుడు వచ్చాడు. హరిషేణుడు రాసిన ప్రయాగ ప్రశస్తి మనకి తెలుసు. పిష్టపురం మహేంద్రుడు, వేంగి హస్తివర్మ అని దక్షిణాపథ రాజుల లిస్టు బట్టీ పట్టినవాళ్ళే అందరూ. పిష్టపురం అంటే మన పిఠాపురం. ఆ లిస్టులో మహాకాంతారం వ్యాఘ్రరాజు ఉన్నాడు. మహాకాంతారం అంటే పెద్ద అడవి, వ్యాఘ్రరాజు అంటే పులిరాజు. దాని తర్వాత ఇంకోచోట ఆటవిక రాజులందర్నీ తన సేవకులుగా చేసుకున్నాడు అని ఉంటుంది. పేర్లు లేవు, 'అందర్నీ' అన్నారు అంతే. మిగతా రాజుల్ని పట్టుకుని వదిలేశాడు, కొందర్ని పెరికేశాడు, అడవి రాజుల్ని పనివాళ్ళుగా పెట్టుకున్నాడు. అయినా గమనించండి, రాసినవాడికి 'రాజు' అన్న మాట వాడక తప్పలేదు. అడవికి రాజులు ఉండేవాళ్ళని సముద్రగుప్తుడి ఆస్థాన కవే ఒప్పుకున్నాడు.

ఈ ప్రశస్తి చెక్కింది కొత్త రాయి మీద కాదు, అశోకుడి స్తంభం మీదే. అదే స్తంభం మీద వెయ్యేళ్ళు దాటాక జహంగీర్ కూడా తన వంశం పేర్లు చెక్కించుకున్నాడు, దాని కింద అశోకుడి వరసలు కొన్ని చెరిగిపోయాయి. రాజులంతా ఒక రాయి కోసం పోటీపడ్డారు. మనవాళ్ళు ఆ పోటీలో లేరు కాబట్టి మన మాట ఎక్కడా చెక్కలేదు. మన గురించి ఏది దొరికినా అవతలివాళ్ళు రాసిందే. అందుకే వాళ్ళు రాసింది మనం జాగ్రత్తగా చదవాలి, బిట్ వరకు చదివి వదిలేయకూడదు.

అశోకుడి స్తంభ శాసనాల్లో అయిదోదాని గురించి చెప్పి ఆపేస్తాం. పట్టాభిషేకం అయిన 26 ఏళ్ళకి వేయించింది. చిలకలు, గోరింకలు, ఇంకా చాలా జీవాల్ని చంపొద్దని పెద్ద లిస్టు ఇస్తాడు. కొన్ని రోజుల్లో చేపలు పట్టొద్దు, అమ్మొద్దు అంటాడు. (ఇంతకుముందు మొదటి శిలాశాసనంలో తన వంటింట్లో ఇంకా రోజుకి రెండు నెమళ్ళు, ఒక జింక చంపుతున్నారని, జింక కూడా రోజూ కాదని, ముందుముందు అవీ మానేస్తామని రాయించాడు. అది మాత్రం నిజాయితీయే.) ఆ అయిదో స్తంభ శాసనంలోనే, కారణం లేకుండా గానీ, జీవాల్ని చంపడానికి గానీ అడవిని కాల్చకూడదు అని ఉంది.

కారణం లేకుండా అంటే? పోడుకి కాల్చడం కారణమా, కాదా? ఎవరు తేల్చాలి? ఈ స్తంభాలు ఉత్తరాదిలోనే ఉన్నాయి, మన కొండల్లో ఒక్కటీ లేదు. అయినా దీని మీద రూములో రాత్రి పన్నెండు దాకా గొడవపడ్డాం. రాజు పోడునే ఆపాడని ఒకడు, వేటకి పెట్టే మంటల్నే ఆపాడని ఒకడు. తేలక, మాలో ఒకరి నాన్నకి ఫోన్ కలిపాం. ఆయన చదువుకోలేదు, యాభై ఏళ్ళుగా పోడు చేసిన మనిషి. శాసనం మొత్తం తెలుగులో చదివి వినిపించాం. అంతా విని, "ఎన్నో నెలలో కాల్చొద్దన్నాడు?" అని అడిగారు. నెల రాయలేదు నాన్నా అన్నాం.

"మరయితే వాడికి పోడు తెలీదు" అన్నారు. తర్వాత దసరాకి ఎప్పుడొస్తున్నారని అడిగారు.

దసరా సెలవుల్లో ముందు ధౌలి, జౌగడ వెళ్ళి చూసి, అక్కడి నుంచి ఊరికి వెళ్దామని అనుకుంటున్నాం. గ్రూపులో శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వాళ్ళు ఎవరైనా వచ్చేలా ఉంటే కింద చెప్పండి, కలిసి వెళ్దాం.