ఏజెన్సీలో కొండ–మైదాన సంపర్కం, జాతి భావన

తూర్పు కనుమల్లో గిరిజనులకూ మైదాన ప్రాంతం వారికీ పరిచయం కొత్తది కాదు. చింతపండు, పసుపు, పిప్పళ్లు మోసుకుని సంతకు దిగేవారూ, ఉప్పు, బట్టలు, ఎండుచేపలతో కొండెక్కేవారూ తరతరాలుగా ఎదురెదురుగా కూర్చుని బేరమాడారు. కాబట్టి ఒకరి గురించి ఒకరికి తెలియకే చిన్నచూపు పుట్టిందనే వాదన ఇక్కడ నిలవదు. ఏ హోదాలో కలిశారు, ఎవరు ఎవరికి బాకీ పడ్డారు, ఎవరి భాషలో మాట్లాడుకున్నారు అన్నవే చూపును నిర్ణయించాయి. అమెరికన్ మనోవిజ్ఞాని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిందీ దాదాపు ఇదే: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, వ్యవస్థ అండ ఉన్నచోట పరిచయం పక్షపాతాన్ని బాగా తగ్గిస్తుంది. పెటిగ్రూ, ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను జల్లెడ పట్టి, ఈ షరతులు పూర్తిగా లేకున్నా పరిచయం సాధారణంగా మేలే చేస్తుందని తేల్చారు. ఏజెన్సీ చరిత్ర మాత్రం ఆల్‌పోర్ట్ వైపే మొగ్గుతుంది.

సంతలో కుంచం షావుకారుది, లెక్క పుస్తకం షావుకారుది, మాట కూడా అతని తెలుగే. తిండిగింజల అప్పు తీరక మనిషే గొత్తి అనే అప్పు వెట్టి కింద చాకిరీకి కుదిరేవాడు. మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో అప్పు వెట్టిపై 1940లో రెగ్యులేషన్ తెచ్చేదాకా వచ్చింది వ్యవహారం. చదువు అందకపోవడం వల్ల వచ్చిన నష్టం కాస్తా ‘లెక్కలు రాని అమాయకులు’ అనే జాతి స్వభావంగా స్థిరపడింది. పాలకుల సంపర్కమూ మెరుగైనది కాదు. 1839 చట్టం ఈ కొండలను కలెక్టరు ఏజెంటుగా ఉండే ప్రత్యేక పాలన కిందికి తెచ్చింది. 1909లో దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలు వెలువరించిన థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి పట్టికలు వేశాడు. అంత దగ్గరగా నిలబడి కొలిచినా, కొలిచేవాడు ఒకడు, కొలిపించుకునేవాడు మరొకడు.

దీనికి ఎదురు ఉదాహరణ పర్లాకిమిడిలో ఉంది. గిడుగు వేంకట రామమూర్తి సవర భాష తెలిసిన దుబాసీ దగ్గర ఆ భాష నేర్చుకుని, పాఠాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం వచ్చింది. పండితుడు శిష్యుడై కూర్చున్న చోట హోదా తారుమారైంది. ఒక్క మనిషి ఔదార్యాన్ని చరిత్రగా చూపడం అన్యాయమని అనవచ్చు, నిజమే. కానీ 1960లలో శ్రీకాకుళం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఉపాధ్యాయులు గిరిజనులతో కలిసి భూమి, కూలి, అప్పుల మీద సంఘం కట్టారు. ఆ ఉద్యమం తర్వాత పట్టిన సాయుధ బాటపై తీర్పు వేరే చర్చ. ఉమ్మడి లక్ష్యం ఉన్నప్పుడు మైదానం మనిషి కొండమీద వేరుగా కనబడ్డాడన్నదే ఇక్కడి విషయం.

పైకి చెప్పే అభిప్రాయం మారినా లోపలి మొగ్గు మారకపోవచ్చు. మనోవిజ్ఞాని గ్రీన్‌వాల్డ్ బృందం 1998లో ప్రతిస్పందన వేగాన్ని బట్టి ఈ మొగ్గును అంచనా వేసే పరీక్ష రూపొందించింది. ఒక్కో వ్యక్తి విషయంలో దాని ఫలితం నిలకడగా ఉండదన్న విమర్శ బలమైనదే. అరకులో దానికి పరీక్ష అక్కర్లేదు, పర్యాటకుల ప్రశంస వింటే చాలు. 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం మీదుగా వచ్చి, గిరిజనుల థింసా నృత్యం చూసి, ‘కల్లాకపటం ఎరగని మనుషులు’ అంటారు. షావుకారు వెక్కిరింపులోని బొమ్మే ఈ మెచ్చుకోలులోనూ ఉంది.

1970 నాటి 1/70 భూబదలాయింపు నిబంధన, 1997 సమతా తీర్పు గోడలు కట్టి పరిచయాన్ని అడ్డుకుంటున్నాయని కొందరంటారు. అవి ఆపేది ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి మారడాన్నే. మనుషులు కలవడాన్ని కాదు. తన నేలలో కాఫీ పండించే రైతు కొనుగోలుదారు ముందు నిలబడే తీరు, అదే నేలలో కూలీ నిలబడే తీరు ఒకటి కావు. ఉత్తరప్రదేశ్‌లో ఆర్థికవేత్త మాట్ లోవ్ నడిపిన క్రికెట్ ప్రయోగం (2021 ప్రచురణ) కూడా ఒకే జట్టులో ఆడినవారిలో కులాంతర స్నేహాలు పెరిగాయనీ, ప్రత్యర్థులుగా ఆడితే ఆ మేలు కనబడలేదనీ చూపింది.

బడి విషయంలో వాదన అంత తేలిక కాదు. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. మైదానం నుంచి వచ్చే టీచరు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఒకటో తరగతి పిల్లల ముందు తెలుగుతోనే నిలబడితే సంత సంబంధమే బడిలో కొనసాగుతుంది. అందుకే 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన మాతృభాషా బోధన, నియామకాల వివాదంతో సమానమైన చర్చకు తగినది.