మల్లెపాదు

పాదు అన్న మాటకు నిఘంటువులు రెండర్థాలు ఇస్తాయి. చెట్టు మొదట్లో నీళ్లు నిలవడానికి తీసిన పల్లం ఒకటి, ఉనికిపట్టు మరొకటి. నీటి పల్లమూ నివాసమూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో తెలియాలంటే కర్నూలు జిల్లా తుగ్గలి ఎర్రనేలలో ఒక మల్లెచెట్టు పెంచి చూడాలి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. పోసిన బిందెడు నీళ్లు ఎక్కడ నిలిస్తే చెట్టుకు అక్కడే బతుకు. ఆ చోటే దాని ఇల్లు.

అందులోంచే 'పాదుకొను' వచ్చింది. భయం పాదుకొంది, నమ్మకం పాదుకొంది అని రోజూ అంటున్నాం. సంస్కృతంలోనూ ఇదే కథ నడిచింది. పాదుకు అక్కడ ఆలవాలం అని పేరు. 'సద్గుణాలకు ఆలవాలం' అని సన్మాన పత్రంలో రాసేటప్పుడు, ఆ పెద్దమనిషిని నీళ్లు పోసే పల్లంతో పోలుస్తున్నామని ఎవరికీ తట్టదు. నిజానికి అంతకన్నా మంచి పొగడ్త ఏముంది?

దక్షిణాదిలో పాదుకు చుట్టాలున్నారు. తమిళంలో పాత్తి, కన్నడంలో పాతి. ఆదోని దాటితే కన్నడ సీమే కాబట్టి ఈ పక్క వాళ్లకు పాతి కొత్త కాదు. అక్కడ మల్లెకు పేరుపొందిన ఊరు హూవిన హడగలి. మన పూవును హూవు చేసి, మన పడవకు చుట్టమైన మాటను హడగు చేసిన కన్నడం పాతి జోలికి మాత్రం రాలేదు, అందులోని పకారాన్ని అలాగే ఉంచింది. పాదుకొన్న మాట కదా!

తెలుగువాళ్లం ఇంకో అడుగు ముందుకు వేశాం. బీరపాదు, దోసపాదు అన్నప్పుడు గుంటను కాదు, తీగ మొత్తాన్నీ పిలుస్తున్నాం. చోటు పేరు చెట్టుకు వచ్చేసింది. మల్లె విషయంలో ఈ కలయిక నాకు మరీ నచ్చుతుంది, ఎందుకంటే మల్లె వయసు లెక్క అంతా పాదు దగ్గరే తేలుతుంది.

మల్లెతోట పది పన్నెండేళ్లు బాగా పూస్తుంది, ఓపికగా చూసుకుంటే పదిహేనేళ్లు. ఆపైన దిగుబడి తగ్గి, రైతుకు గిట్టదు. పెరట్లోని చెట్టుకు ఆ లెక్క లేదు, ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. దానికి కావలసింది రోజంతా ఎండ, ఏటా ఒక కత్తిరింపు, సరైన పాదు.

సరైన పాదు అంటే ఊరికే గుంట కాదు. మొదలు చుట్టూ మన్ను కాస్త ఎగదోసి, నీళ్లు దానికి బెత్తెడు దూరంలో గుండ్రంగా నిలిచేలా తీయాలి. కాండం తడిలో నానితే కుళ్లుతుంది. ఎర్రనేలలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి కనుక పాదు కొంచెం లోతుగా ఉన్నా చెల్లుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నల్లరేగడిలో అలా చేస్తే చెట్టు పోతుంది. అక్కడ మట్టి ఎత్తు చేసి నాటాలి. నేలలో సున్నం పాలు ఎక్కువైతే లేతాకులు పసుపుపచ్చగా పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఇనుము అందడం లేదన్నమాట. లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది కలిపి ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది.

ఇక కత్తిరింపు. చాలామందికి చెయ్యి రాదు. మల్లె పాత కొమ్మకు పూయదు, కొత్త చిగురుకే మొగ్గ వేస్తుంది. కార్తీకం వెళ్లాక నీళ్లు కట్టిపెట్టి, ఆకు రాలనిచ్చి, మోకాటి ఎత్తున కోసెయ్యాలి. తర్వాత పాదు తవ్వి, చెట్టుకు పది కిలోల మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గ నిండుతుంది. పైదంతా పోయినా 'మొదలు' ఉంటుంది. చెట్టు అడుగుకూ ఆరంభానికీ అప్పులో అసలుకూ మనకు ఇదే మాట. వడ్డీ పోయినా మొదలు దక్కితే చాలనే రైతుకు ఈ కత్తిరింపు వేరే చెప్పక్కర్లేదు.

మరి చెట్టు నిజంగా ముసలిదైతే? అప్పుడు కావలసిన మాట 'అంటు'. వంటింట్లో అంట్లు తోముతాం, తోటలో అంట్లు నాటుతాం. ఎంగిలి అంటినవి అవి, నేలను అంటినవి ఇవి. వానాకాలంలో మల్లెకొమ్మను వంచి, కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, మట్టిలో కప్పి పైన రాయి పెడితే మూడు నాలుగు నెలల్లో వేరు దిగుతుంది. దాన్నే నేలంటు అంటారు. గుండుమల్లె కాయ కాసి విత్తనమివ్వడం దాదాపు లేదు. కాబట్టి మన పెరట్లోది ఎవరో ఇచ్చిన కొమ్మే, వాళ్లకిచ్చినవాళ్లదీ కొమ్మే. ఎన్నో తరాలుగా ఒకే చెట్టు పాదు నుంచి పాదుకు మారుతూ వస్తోంది. పదిహేనేళ్లన్నది పాదు వయసు. మల్లె వయసు మన లెక్కకు అందేది కాదు.

మొక్కను ఒకచోటి నుంచి తెచ్చి ఇంకోచోట నాటడం ఈ సీమకు పాత సంగతే. పత్తికొండ, గుత్తి దారిలోని ఎర్రగుడి బండల మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాల్లో ఆ మాట ఉంది: మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించానని. రాజు చెప్పుకోదగ్గ పనుల్లో అదీ ఒకటనుకున్నాడు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం నేలంతా వెతుకుతారు. అంటు నాటడానికీ అదే అదను.

కొత్త అంటును మాత్రం పాత పాదులో పెట్టకండి. ఏళ్ల తరబడి మల్లె ఉన్న మట్టిలో కంటికి కనపడని నులిపురుగులు వేర్లకు పట్టి ఉండవచ్చు. లేతమొక్క వాటికి తట్టుకోదు. నాలుగడుగులు ఎడంగా, అడుగున్నర లోతు గుంత తీసి కొత్త పాదు చేయండి. పాతదాంట్లో ఒక ఏడాది బంతి వేస్తే ఆ పురుగులు తగ్గుతాయి, దసరాకు ఇంటి గుమ్మానికి పూలూ వస్తాయి.