ధనుష్కోటి రైలు స్టేషను

కాశీయాత్ర చేసినవారు సేతుస్నానమాడి రామేశ్వరస్వామిని సేవించిననే గాని యాత్ర ముగియదని తెలుగువారి నమ్మిక. అందుచే ధనుష్కోటి పేరు వారికి క్రొత్తది కాదు. అయితే ఆ తీర్థము అర్ధశతాబ్దము పాటు రెండు దేశముల నడుమ వాకిలిగా కూడ నుండెనని ఎఱిగినవారు కొలదిమందియే.

పూర్వము సింహళమునకు పోవువారు తూత్తుకుడిలో ఓడనెక్కి కొలంబో చేరెడివారు. 1914 ఫిబ్రవరి 24వ తేదీన పాంబన్ వంతెన తెరువబడుటతో దారి మారినది. రెండు కిలోమీటర్లకు పైబడిన ఆ వంతెన నడిమి భాగము, ఓడలు వచ్చినపుడు రెండు రెక్కలుగా పైకి లేచెడిది. పాంబన్ నుండి ఒక మార్గము రామేశ్వరమునకును, వేరొకటి ధనుష్కోటికిని పోయెడివి. మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిలు ఎక్కినవాడు ధనుష్కోటిలో దిగి, స్టీమరుపై జలసంధి దాటి, తలైమన్నారులో మరల రైలెక్కి కొలంబో చేరెడివాడు. ఇంతటికిని టిక్కెట్టు ఒక్కటే!

దొరలును, వర్తకులును సుఖముగా సాగిన ఈ దారినే తేయాకు తోటల కూలీలును నడచిరి. మండపము శిబిరమున ఆరోగ్యపరీక్షలకు నిలిచి, మూటాముల్లెలతో వారు ఓడ నెక్కెడివారు. వారి సంతతికి 1948 నాటి సింహళ పౌరసత్వ శాసనము పౌరసత్వము లేకుండ జేసెను. 1964 అక్టోబరు 30వ తేదీన శాస్త్రి, సిరిమావో బండారనాయకెలు చేసికొన్న ఒడంబడిక ననుసరించి వారిలో 5,25,000 మందిని భారతదేశము స్వీకరింపవలసియుండెను.

రెండు మాసములైనను గడువకమునుపే, డిసెంబరు 22వ తేదీ రాత్రి ఘోరమైన తుపాను విరుచుకుపడినది. పాంబన్ నుండి బయలుదేరిన 653 నెంబరు ప్యాసింజరు బండి ధనుష్కోటి పొలిమేరలోనే ఉప్పెనకు బలియైనది. అందు 110 మంది ప్రయాణికులు, 5గురు రైల్వే సిబ్బంది ఉన్నట్లు లెక్క. టిక్కెట్టు లేక ఎక్కినవారిని ఎవరు లెక్కింపగలరు? ఒక్కరును బ్రతుకలేదు. స్టేషనుతోబాటు ఊరును నాశనమయ్యెను.

పాంబన్ వంతెన దూలములు పెక్కు కొట్టుకొనిపోయెను. ఇ. శ్రీధరన్ అను యువ ఇంజనీరు, సముద్రమున పడిన దూలములను సైతము పైకి తీయించి, 46 దినములలో వంతెనను నిలబెట్టెను. మెచ్చదగిన పని! రామేశ్వరమునకు రైళ్లు మరల నడచినవి. ధనుష్కోటి మార్గమును మాత్రము విడిచివైచిరి. ఊరు నివాసయోగ్యము కాదని మద్రాసు ప్రభుత్వము ప్రకటించెను.

తలైమన్నారు స్టీమరు రామేశ్వరమునకు మారినది. ఒడంబడిక ప్రకారము తిరిగివచ్చిన తోటకూలీలలో అనేకులు ఆ రేవుననే దిగిరి. తాతలు ఓడ నెక్కిన ధనుష్కోటిలో అప్పటికి మొండిగోడలే మిగిలియుండెను.