దీవార్‌కి సురాఖ్: ఒక చిన్న తారీఖ్

పోయిన రంజాన్‌కి ముందు చెన్నూర్‌లో మా ఇంటి వుజూఖానాకి టైల్స్ వేయించాం. అమ్మీకి మోకాళ్ల నొప్పులు. వంగి కూర్చొని వుజూ చేసుకోవడం కష్టమవుతోంది. నడుం ఎత్తులో ఒక నల్లా, పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ పెట్టిస్తే సహారాగా ఉంటుందనుకున్నాం. కడ్డీ బిగించడానికి మా మొహల్లా పిల్లవాడే ఒకడు డ్రిల్ మిషన్ తీసుకొని వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. నాలుగు సురాఖులు వెయ్యాలి. మూడు బాగానే పడ్డాయి. నాలుగోది వేస్తుండగా టక్‌మని చప్పుడైంది. సురాఖ్ దగ్గర మొదలైన పగులు వెంట్రుకలా టైల్ అంచుదాకా పాకింది.

"చాచా, మైఁ క్యా కరూఁ, అందర్ పోలా హై" అన్నాడు వాడు.

నేను వినలేదు. అదే డిజైన్ టైల్ కోసం మంచిర్యాలకి ఫోన్ చేస్తే ఆ లాట్ అయిపోయిందన్నారు. ఆ గుస్సాలో వాడి మజ్దూరీలో రెండు వందలు పట్టుకున్నాను. వాడు ఇంకేమీ మాట్లాడలేదు. మిషన్ వైరు చుట్టుకొని వెళ్లిపోయాడు. అమ్మీ మాత్రం అంది: "సురాఖ్ వాడు వేశాడు, దీవార్ వాడు కట్టలేదు కదా బేటా."

ఆ మాట నన్ను వదల్లేదు. అసలు టైల్ పగలకుండా సురాఖ్ వెయ్యడమంటే ఏమిటి, ఆ హునర్ ఎక్కడినుంచి వచ్చింది అని తవ్వడం మొదలుపెట్టాను. అలా తవ్వితే దొరికిందే ఈ తారీఖ్.

గట్టి వస్తువుకి, అది పగలకుండా, గుండ్రంగా సురాఖ్ వెయ్యడం మనిషి నేర్చుకున్న చాలా పాత హునర్‌లలో ఒకటి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ సమాధుల్లో దొరికిన మనుషుల దవడ పళ్లకు సన్నటి సురాఖులు ఉన్నట్టు 2006లో ఒక పరిశోధన బయటపెట్టింది. తొమ్మిది మంది నోళ్లలో పదకొండు పళ్లు. ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల ఏళ్ల కిందటి పని. చెకుముకి రాయి మొనతో వేశారు, అదీ మనిషి బతికుండగానే. అదే ఊళ్లో పూసలకు సురాఖులు వేసే కారీగర్లు ఉండేవారు. పూసల దగ్గర నేర్చిన చెయ్యే పళ్ల మీదికి వచ్చి ఉంటుందని పరిశోధకులు అంటారు. పన్ను పైపూత కూడా గట్టిదే. జోర్ పెడితే అదీ చిట్లుతుంది.

అంత దూరం ఎందుకు, మన గోదావరి ఇలాఖాలోనే చూద్దాం. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట. పాత కరీంనగర్ జిల్లాలోని ఈ మూడూ శాతవాహనుల కాలం ఊళ్లు. చెన్నూర్‌లో ఉత్తరం వైపు మళ్లే ఈ గోదావరికే ఎగువన కోటిలింగాల ఉంది. అక్కడి తవ్వకాల్లో నాణేలతోపాటు పూసలూ దొరికాయి. రాతిపూసని నున్నగా చెయ్యడం ఒక ఎత్తు, దానికి దారం పట్టే సురాఖ్ వెయ్యడం ఇంకో ఎత్తు. రెండు వేల ఏళ్ల కింద ఈ పని చేసినవాళ్లకి కరెంటు లేదు, మిషన్ లేదు. ఒక విల్లు, దాని తాడు చుట్టుకున్న ఒక పుల్ల, దాని చివర ఒక మొన. విల్లుని ముందుకీ వెనక్కీ లాగితే పుల్ల గిర్రున తిరుగుతుంది. మన వడ్రంగులు దీన్నే బర్మా అంటారు. ఈ మాట ఫార్సీ నుంచి ఉర్దూలోకి, అక్కణ్నుంచి మన తెలుగు వర్క్‌షాపుల్లోకి వచ్చింది. పని నేర్పే మేస్త్రీ అనే మాటేమో పోర్చుగీసువాళ్ల 'మెస్త్రే' నుంచి వచ్చింది. ఒక చిన్న సురాఖ్ చుట్టూ ఎన్ని దేశాలు నిలబడి ఉన్నాయో చూడండి.

గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీక్ పూసల పని ఇప్పటికీ ఉంది. మనవాళ్లు వేళ్లకి పెట్టుకునే ఉంగరాల అకీక్ రాయే అది. అక్కడి కారీగర్లు బర్మా మొనకి సన్నటి వజ్రం ముక్కలు బిగిస్తారు. సురాఖ్ పడే చోట నీళ్ల చుక్కలు పడేలా చూస్తారు. మొన వేడెక్కకూడదు, రాయి వేడెక్కకూడదు, పొడి బయటకి రావాలి. ఈ మూడు ఖాయిదాలూ గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

వజ్రాన్ని వజ్రంతోనే కొయ్యాలని తెలుగు సామెత. ఆ సామెత పుట్టడానికి మన నేలకంటే మంచి చోటు ఏముంటుంది? పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్‌లో దొరికేదాకా దునియా మొత్తానికి వజ్రాలు దాదాపుగా హిందుస్తాన్ నుంచే పోయేవి. అందులో కృష్ణా ఒడ్డున కొల్లూరు గనులు కుతుబ్‌షాహీల చేతిలో ఉండేవి. పెద్ద వజ్రం పాద్షా తాజ్‌లోకి పోతుంది. పనికిరాని చిన్న ముక్క, పొడి కారీగర్ చేతికి వస్తుంది. తారీఖ్ కితాబుల్లో మొదటి దాని కథే ఉంటుంది. దునియాలో పని నడిపింది మాత్రం రెండోది.

ఇక టైల్ సంగతి. మన ఇలాఖాలో మెరిసే టైల్‌కి అస్లీ పాఠశాల హైదరాబాద్‌లోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. చార్మినార్‌కి దగ్గర్లోనే, పత్థర్‌గట్టీ వైపు ఉంది. ముహమ్మద్ ఖులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించాడు. గోడల మీది రంగు టైల్స్ పని 1611 నాటికి పూర్తయిందంటారు. పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఆలమ్‌ల ఆకారాలు, తీగలు, పూలు గోడంతా పరుచుకొని ఉంటాయి. ఈ పనిని కాశీకారీ అంటారు. ఇరాన్‌లో టైల్స్‌కి పేరుపడ్డ కాశాన్ పట్టణం నుంచి వచ్చిన మాట ఇది, మన కాశీ యాత్రకీ దీనికీ సంబంధం లేదు.

ఆ ఇరానీ పద్ధతిలో చతురస్రం టైల్‌ని అలాగే అతికించరు. ఒక్కో రంగు టైల్‌ని కాల్చి, దాని మీద కాగితం నమూనా అంటించి, పదునైన చిన్న సుత్తితో కొంచెం కొంచెంగా కొట్టి ఆకు ఆకారం, రెమ్మ ఆకారం తీస్తారు. అంచులు ఆకురాయితో నునుపు చేస్తారు. ముక్కలన్నీ బోర్లా పేర్చి, వెనక నుంచి గచ్చు పోస్తారు. అది గట్టిపడ్డాక పలక మొత్తాన్ని ఎత్తి గోడకి పెడతారు. ఇందులో రెండు విషయాలు నాకు కొత్తగా తెలిశాయి. ఒకటి, గ్లేజు పగలకుండా కొయ్యడం నాలుగు వందల ఏళ్ల కిందటే పూర్తి హునర్. రెండోది, ముక్క వెనక ఖాళీ అన్నదే ఉండదు, గచ్చు ప్రతి సందులోకీ పోతుంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ ఆషూర్‌ఖానా లోపలికీ నీళ్లు వచ్చాయి. కింది భాగంలో చాలా టైల్స్ పోయాయి. ఆ తర్వాత అక్కడ టైల్ బదులు టైల్ లాంటి రంగు బొమ్మ వేసి సరిపెట్టారు. ఇప్పుడు వెళ్లినా పైన అస్లీ, కింద నక్లీ తేడా కనిపిస్తుంది. కాశీకారీ కారీగర్ల పరంపర మన దగ్గర నిలవలేదు. పగిలిన టైల్‌కి జోడు దొరకని బాధ నా ఒక్కడిదే కాదన్నమాట!

మన పాత ఇళ్లలో గోడకి సురాఖ్ వెయ్యాల్సిన అవసరం తక్కువ. మా దాదా ఇంట్లో మట్టి గోడలు మూరెడు మందం ఉండేవి. ఖురాన్ పెట్టుకోవడానికి, చిమ్నీ పెట్టుకోవడానికి గోడలోనే తాఖ్‌లు ఉండేవి. షేర్వానీ తగిలించడానికి ఖూంటీ గోడ కట్టేటప్పుడే పెట్టేవారు. తర్వాత సిమెంటు గోడలు, కరెంటు వచ్చాయి. బోర్డు బిగించాలంటే ఉలితో గోడ తొలిచి, చెక్క ముక్క దిగగొట్టి, దానికి స్క్రూ వేసేవారు. ఇంగ్లండ్‌లో 1911 ప్రాంతంలో జాన్ రాలింగ్స్ అనే కాంట్రాక్టర్‌కి బ్రిటిష్ మ్యూజియంలో, గోడలు చెడగొట్టకుండా కరెంటు సామాను బిగించే పని వచ్చింది. అతను జనపనారని జిగురుతో గట్టిపరిచి చిన్న గొట్టంలా చేశాడు. సన్నటి సురాఖ్‌లో దాన్ని పెట్టి స్క్రూ తిప్పితే అది ఉబ్బి గోడని పట్టుకుంటుంది. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇప్పటికీ అడిగే రావల్ ప్లగ్ పేరు అతనిదే. 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ దాన్ని నైలాన్‌తో చేశాడు.

బిట్ కథ ఇంకా దిల్‌చస్ప్‌గా ఉంటుంది. కరెంటు బల్బులో టంగ్‌స్టన్ తీగ వెంట్రుక కంటే సన్నగా ఉండాలి. దాన్ని వజ్రానికి వేసిన సురాఖ్‌లోంచి లాగి సన్నం చేసేవారు. వజ్రం ఖరీదు భరించలేక బెర్లిన్‌లోని ఓస్రామ్ కంపెనీ బదులు వెతికింది. అక్కడ కార్ల్ ష్రోటర్ అనే శాస్త్రవేత్త టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో కోబాల్ట్ కలిపి కాల్చి కొత్త లోహం చేశాడు. 1923లో పేటెంట్ తీసుకున్నారు. దాన్ని క్రూప్ కంపెనీ 'విడియా' అనే పేరుతో బజారులోకి తెచ్చింది. 'వీ డియామాంట్' అనే జర్మన్ మాటలకి అది పొట్టి రూపం, అంటే 'వజ్రంలా'. గోడ డ్రిల్ బిట్ చివర వేరే రంగులో అతికించి ఉండే చిన్న మొన ఈ జాతిదే. పూస మీద వజ్రం చేసిన పనిని, ఇప్పుడు చెన్నూర్ గోడ మీద కొన్ని రూపాయల 'వజ్రంలా' చేస్తోంది.

తెల్ల గ్లేజు టైల్స్ మన దేశంలో పెద్ద ఎత్తున తయారవడం 1958లో జాన్సన్ కంపెనీతో ఊపందుకుంది. మొదట్లో ఆసుపత్రుల్లో, పెద్ద బంగళాల్లో కనిపించేవి. ఇప్పుడు దేశంలో టైల్స్ ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తున్నాయి. ధర తగ్గింది, మనలాంటి ఇళ్లలోకీ వచ్చేశాయి. టైల్ వచ్చింది గానీ, కాశీకారీ గచ్చు పద్ధతి రాలేదు.

మరి ఎందుకు పగులుతుంది? టైల్ గట్టిదే గానీ వంగదు. ఇనుము వంగి బాధ ఓర్చుకుంటుంది, టైల్‌కి ఆ గుణం లేదు. 1921లో గ్రిఫిత్ అనే ఇంజినీర్ గాజు మీద ప్రయోగాలు చేసి ఒక మాట తేల్చాడు: కంటికి కనపడని చిన్న గీటు కొస దగ్గరే జోర్ అంతా పోగవుతుంది, పగులు అక్కణ్నుంచే బయల్దేరుతుంది. డ్రిల్ మిషన్‌లో హ్యామర్ మీట నొక్కి ఉంటే నిమిషానికి వేల దెబ్బలు పడతాయి. ఒక్కో దెబ్బా ఒక గీటు. వెనక సిమెంటు ఉంటే దెబ్బ దానిలోకి పోతుంది. ఖాళీ ఉంటే టైల్ డప్పులా ఊగి చిట్లుతుంది.

ఈ ఇల్మ్ మన ఇలాఖా మజ్దూర్లకి కొత్త కాదు. చెన్నూర్ చుట్టుపక్కల శ్రీరాంపూర్, మందమర్రి గనులున్నాయి. సింగరేణిలో డ్రిల్లర్ అంటే ఇజ్జత్ ఉన్న నౌకరీ. బొగ్గుకి ఉత్తగా తిరిగే డ్రిల్ పెడతారు, గట్టి రాయికి దెబ్బ కొట్టే డ్రిల్ పెడతారు. ఏ వస్తువుకి ఏ పద్ధతో తెలిసినవాడే డ్రిల్లర్. గోడకీ అంతే. గ్లేజుని తిరుగుతూ దాటాలి. దాటాక, వెనక కాంక్రీటు తగిలితేనే హ్యామర్.

ఇంట్లో పని చేయించేటప్పుడు ఇవి చూసుకోండి. ముందు టైల్‌ని నాణెంతో తట్టండి. డబడబ మంటే వెనక పోలా, అక్కడ సురాఖ్ వద్దు. అంచుకి కనీసం అంగుళం దూరం ఉండాలి. గుర్తు పెట్టినచోట కాగితం టేపు అంటిస్తే బిట్ జారదు. హ్యామర్ మీట తీసేసి, నెమ్మదిగా, పెద్దగా నొక్కకుండా మొదలుపెట్టాలి. మధ్యమధ్యలో నీళ్ల చుక్కలు వెయ్యాలి, అయితే మిషన్‌కీ వైరుకీ నీళ్లు తగలకూడదు. మామూలు గోడ టైల్‌కి బల్లెం మొన లాంటి టైల్ బిట్ చాలు. విట్రిఫైడ్ టైల్‌ అయితే చాలా గట్టిది, దానికి వజ్రం పొడి అతికించిన గుండ్రటి బిట్ కావాలి. ప్లగ్‌ని టైల్ మందం దాటి లోపలికి దిగేలా పెట్టాలి. లేదంటే సురాఖ్ బాగానే పడ్డా, స్క్రూ బిగించేటప్పుడు ప్లగ్ ఉబ్బి టైల్‌ని చీలుస్తుంది. మొన చల్లగా ఉండాలి, వస్తువు చల్లగా ఉండాలి, పొడి బయటికి రావాలి. ఖంభాత్ ఖాయిదాలే.

మా ఇంటి కిస్సా చెప్పి ముగిస్తాను. వారం తర్వాత వేరే మిస్త్రీ వచ్చి ఆ పగిలిన టైల్ ఊడదీశాడు. వెనక చూస్తే నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి. అంతే సిమెంటు. మిగతాదంతా ఖాళీ. టైల్స్ అతికించినవాడు పని తొందరగా తేల్చడానికి అలా పెట్టాడు. వాడికి పూర్తి మజ్దూరీ ఇచ్చి, చాయ్ తాగించి, సలాం చెప్పి పంపాను. గోడ లోపల ఏముందో ఉన్నదున్నట్టు చెప్పిన పిల్లవాడి రెండు వందలు మాత్రం నా జేబులో ఉన్నాయి. పసీనా ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని పిల్లలకి చెప్పుకునే ఇల్లు మాది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. డబ్బు చేతిలో పెడితే తీసుకోనన్నాడు. "తప్పు నాది బేటా, నువ్వు చెప్పావు, నేను వినలేదు" అన్నాక తీసుకున్నాడు. మర్నాడు వచ్చి గోడంతా నాణెంతో తట్టి, పోలా ఉన్న టైల్స్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టాడు. ఏడు తేలాయి. వాటిని ఊడదీయించి, వెనక నిండా సిమెంటు పట్టించి, అది ఆరాకే కడ్డీ బిగించాడు. పగిలిన దాని జోడు దొరకలేదు కాబట్టి ఆ ఒక్కచోట ఉత్త తెల్ల టైల్ పెట్టాం. చూసినవాళ్లు ఇదేంటి ఇలా ఉందని అడుగుతుంటారు.

అమ్మీ రోజూ ఐదు పూటలా ఆ కడ్డీ పట్టుకొనే వుజూ చేసుకుంటోంది. మీ ఇంట్లో ఈసారి టైల్ పగిలితే, మజ్దూరీ కోసే ముందు ఒక్కసారి దాని వెనక చూడండి.