మూడు నిమిషాల గడియారం

మన జుఫైర్ ఇళ్లలో శుక్రవారం సాయంత్రం చదరంగం బల్ల తెరిస్తే పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న: "మొదటి పది ఎత్తులూ కంఠతా పడితే గెలుస్తామా?" ఎక్కాలు అప్పజెప్పి పెరిగినవాళ్లం కనుక అవుననాలనే ఉంటుంది. కాని ఒక జరిగిన కథ చెప్పడం మేలు.

2022 డిసెంబరు 30 కూడా శుక్రవారమే. ఆనాడు కజకిస్థాన్‌లోని ఆల్మటీలో మహిళల ప్రపంచ బ్లిట్జ్ పోటీ ముగిసింది. బ్లిట్జ్ అంటే మెరుపు ఆట. ఒక్కొక్కరికి ఆట మొత్తానికి 3 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 2 సెకన్లు అదనం.

ఇంత తక్కువ వ్యవధిలో ఓపెనింగ్, అంటే ఆరంభపు ఎత్తుల వరుస, చేతిలోని రొక్కం వంటిది. అది తెలిసినవారికి గడియారం ఖర్చు కాదు. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తెల్లపావులతో తరచు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపి మొదలుపెడుతుంది. ఆ దారిలోదే కాటలాన్ ఓపెనింగ్. 1929లో బార్సిలోనా పోటీ నిర్వాహకులు తమ ప్రాంతం పేర కొత్త ఎత్తుగడ కావాలని కోరగా టార్టకోవర్ దానిని ఆడి చూపాడు. రాజు వైపు గుర్రం ముందరి బంటును ఒక గడి జరిపి, ఆ సందులో శకటును కూర్చోబెట్టడం అందులోని కీలకం. అక్కడినుంచి అది బల్లనంతా ఏటవాలుగా కనిపెట్టి ఉంటుంది.

హంపికి ఈ విద్య నేర్పినది తండ్రి శ్రీ కోనేరు అశోక్. 2002లో, 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. అయినా ఆల్మటీలో మొదటిరోజు 9 ఆటలు ముగిసేసరికి ఆమె స్థానం 44. రాత్రికి రాత్రే ఓపెనింగులు ఎవరైనా మరచిపోతారా, మళ్లీ నేర్చుకుంటారా? మరునాడు 8 ఆటల్లో 7 గెలిచింది. ఓడిన ఆ ఒక్కటీ 14వ రౌండులో, మన గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక చేతిలోనే! చివరి రౌండులో చైనా క్రీడాకారిణి టాన్ జోంగ్యీపై నెగ్గి, 12.5 పాయింట్లతో రజతం అందుకుంది. కజకిస్థాన్ అమ్మాయి బిబిసారా అసౌబయేవా 13 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. తేడా అర పాయింటే.

డిగ్రీ కాగితం పట్టుకుని ఈ దీవికి వచ్చిన మనకు ఇది తెలియని సంగతి కాదు. ఆ కాగితం మన ఓపెనింగ్. గడప దాటించింది, అంతే. కనుక మన అమ్మాయిలకు ఆ పది ఎత్తులూ నేర్పుదాం. ఓడిన సాయంత్రం పావులు పెట్టెలో పడెయ్యకుండా మళ్లీ పేర్చడం కూడా నేర్పుదాం. 44 నుంచి 2కు చేరిన దారి కంఠస్థం చేస్తే వచ్చేది కాదు.