ఇశ్రాయేలు, మోయాబు: ఒక దాయాది వైరం పుట్టుపూర్వోత్తరాలు

మృత సముద్రానికి తూర్పున, నేటి జోర్డాన్ దేశంలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున పరచుకొన్న పీఠభూమిని ప్రాచీన కాలంలో మోయాబు అనేవారు. దానికి పడమర, మృత సముద్రపు ఆవలి ఒడ్డున ఉన్న కొండసీమల్లో ఇశ్రాయేలీయులు స్థిరపడ్డారు. ఆకాశం తేటగా ఉన్న రోజున ఒకరి కొండలు ఒకరికి కనిపించేంత దగ్గరి పొరుగువారైన వీరి భాషలు ఒకరిది ఒకరికి అర్థమయ్యేంత దగ్గరగా ఉండేవి. లిపీ ఒకటే, గొర్రెల మందలూ ద్రాక్షతోటలూ నమ్ముకొన్న బతుకూ ఒకటే. తెలుగు బైబిలు చదివే ఇళ్లలో మోయాబు పేరు తరచుగా వినిపించేదే అయినా, అక్కడ అది ఎక్కువగా శత్రువు పేరుగానే నిలిచిపోయింది. లోతుగా చూస్తే ఈ తగవు దాయాదుల తగవు, దానిలోని చేదుకూ తీపికీ మూలం ఆ చుట్టరికమే.

ఆ చుట్టరికాన్ని ఒప్పుకొన్నది ఇశ్రాయేలీయుల గ్రంథమే. ఆదికాండము ప్రకారం అబ్రాహాము సోదరుడైన హారానుకు లోతు కొడుకు. సొదొమ పట్టణం దగ్ధమైన తర్వాత కొండగుహలో తలదాచుకొన్న లోతుకు అతని కూతుళ్లే మద్యం తాగించి సంతానం పొందారని, పెద్దకూతురికి పుట్టినవాడు మోయాబు, చిన్నకూతురి కొడుకు అమ్మోనీయులకు మూలపురుషుడు అని 19వ అధ్యాయంలోని కథ చెబుతుంది. బంధుత్వం కాదనలేనిది గనుక దాన్ని ఒప్పుకొని, పుట్టుకకు మాత్రం మచ్చ అంటగట్టిన ఈ కథనంలో పొరుగువారి పట్ల ఉన్న రెండు మనసులూ ఒకేచోట కనిపిస్తాయి.

ధర్మశాస్త్రంలోనూ అదే తీరు. ద్వితీయోపదేశకాండము 2వ అధ్యాయం మోయాబీయులతో యుద్ధానికి దిగవద్దని, ఆ నేల లోతు సంతానానికి దేవుడిచ్చిన స్వాస్థ్యమని, అంటే వంశపారంపర్య హక్కు అని చెబుతుంది. అదే గ్రంథం 23వ అధ్యాయానికి వచ్చేసరికి, పదో తరం వరకైనా అమ్మోనీయుడు గాని మోయాబీయుడు గాని యెహోవా సమాజంలో చేరరాదని శాసిస్తుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి వస్తున్నప్పుడు దారిలో అన్నపానాలతో ఎదురు రాకపోవడం, శపించడానికి బిలాము అనే ప్రవక్తను కూలికి పిలిపించడం దీనికి చూపిన కారణాలు. ఒకే పుస్తకంలో ఇంత ఎడం ఉండడం, ఈ గ్రంథాలు అనేక తరాల చేతుల్లో పెరుగుతూ వచ్చాయనే పండితుల అభిప్రాయానికి బలమిస్తుంది. బిలామును పిలిపించిన బాలాకు మోయాబు రాజు. ఈ బిలాము పేరు జోర్డాన్ లోయలోని దేర్ అల్లా అనే చోట 1967లో బయటపడిన గోడపూత రాతల్లోనూ, దేవతల మాటలు వినే ద్రష్ట పేరుగా కనిపించింది. ఆ రాతలు క్రీ.పూ. 800 ప్రాంతానివి. ఇంత చేదు నడుమ, ఇశ్రాయేలీయుల మహానాయకుడైన మోషే కన్నుమూసి సమాధి అయింది మోయాబు నేలలోనే అన్న సంగతిని ఆ గ్రంథమే భద్రపరిచింది.

న్యాయాధిపతుల కాలంలో మోయాబు రాజు ఎగ్లోను పద్దెనిమిదేళ్లు ఇశ్రాయేలును లోబరచుకొన్నాడని, ఇశ్రాయేలీయుడైన ఏహూదు అతణ్ణి చంపాడని కథ. దావీదు కాలానికి రాకపోకలు మళ్లీ కలిశాయి: సౌలు రాజు తరుముతున్న రోజుల్లో దావీదు తన తల్లిదండ్రులను తీసుకువెళ్లి మోయాబు రాజు సంరక్షణలో ఉంచాడు. అదే దావీదు రాజైన తర్వాత మోయాబును జయించి, బందీలను నేల మీద పడుకోబెట్టి తాడుతో కొలిచి, రెండు తాళ్ల పొడవు వారిని చంపించి, ఒక తాడు పొడవు వారిని బతకనిచ్చాడని రెండవ సమూయేలు గ్రంథం చెబుతుంది. కారణం మాత్రం చెప్పదు. తన తల్లిదండ్రులకు నీడనిచ్చిన దేశం మీద దావీదు చేసిన ఈ పనిని అతని కీర్తి ఎంత గొప్పదైనా కప్పిపుచ్చలేదు.

ఇంతవరకు వినిపించింది ఒక పక్షం గొంతు. రెండో పక్షం గొంతు 1868లో, మోయాబు రాజధాని దీబోను ఉండిన ధీబాన్ గ్రామంలో, క్లైన్ అనే ఆంగ్లికన్ మిషనరీకి కనిపించిన నల్లరాతి ఫలకం మీద దొరికింది. మీటరు పైచిలుకు ఎత్తు, 34 పంక్తుల రాత ఉన్న ఆ శాసనాన్ని క్రీ.పూ. 840 ప్రాంతంలో మోయాబు రాజు మేషా చెక్కించాడు. మన శాసనాల ప్రశస్తి భాగం లాగానే రాజు తన పేరు, తండ్రి ముప్పై ఏళ్ల పాలన చెప్పుకొని అసలు సంగతికి వస్తాడు: మోయాబీయుల ఇలవేలుపు కెమోషు తన దేశం మీద కోపగించడం వల్లనే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును చాలాకాలం అణచివేశాడట, ఆ కోపం తీరాక కెమోషే మేషా చేత ఊళ్లను విడిపించాడట. ఓటమి వస్తే దేవుడి కోపం, గెలుపు వస్తే దేవుడి కరుణ అనే ఈ తర్కం ఇశ్రాయేలు గ్రంథాలదీ అయినందువల్ల, కెమోషు ఉన్నచోట యెహోవా పేరు పెడితే చాలా వాక్యాలు రాజుల గ్రంథంలో ఇమిడిపోతాయి. నెబో పట్టణాన్ని పట్టి ఏడువేల మందిని దేవతకు మొక్కుగా సంహరించినట్టు, అక్కడి యెహోవా పాత్రలను కెమోషు ముందుకు ఈడ్చుకు వచ్చినట్టు మేషా గర్వంగా రాయించుకొన్నాడు. ఇశ్రాయేలు దేవునిగా యెహోవా పేరు బైబిలుకు వెలుపల స్పష్టంగా కనిపించే అతి పాత రాత ఇదే. శత్రువు చెక్కించిన రాయి ఆ పేరును కాపాడింది.

యుద్ధాల తర్వాత వచ్చే పంక్తులు ఇంకా విలువైనవి. కోట ఉన్న బస్తీలో వాననీరు నిలవ చేసే గొయ్యి లేదు గనుక ప్రతివాడూ తన ఇంట్లో ఒకటి తవ్వుకోవాలని మేషా ఆజ్ఞాపించాడు. ఇశ్రాయేలు ఖైదీల చేత కందకాలు తవ్వించాడు. అర్నోను నది లోయ మీదుగా రహదారి వేయించాడు. రెండవ రాజుల గ్రంథం 3వ అధ్యాయం ఈ మేషానే గొర్రెల కాపరి రాజుగా, ఇశ్రాయేలుకు లక్ష గొర్రెపిల్లలూ లక్ష పొట్టేళ్ల ఉన్నీ కప్పం కట్టినవాడిగా వర్ణిస్తుంది. అతను తిరగబడగా ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు కలిసి ముట్టడించారని, దిక్కుతోచక తన పెద్దకొడుకును కోటగోడ మీద దహనబలి ఇచ్చాడని, అప్పుడు ఇశ్రాయేలు మీదికి గొప్ప కోపం రాగా వారు వెనుదిరిగారని అక్కడ ఉంది. ఆ కోపం ఎవరిదో గ్రంథకర్త చెప్పలేదు. శాసనంలో మిగిలిన పాఠంలో ఈ ముట్టడి ఊసే లేదు. రెండూ కలిపి చదివితేనే ఇశ్రాయేలు పట్టు సడలిందన్న విషయం తేటపడుతుంది.

ఈ శిల పూర్తిగా దక్కలేదు. ఐరోపావారూ ఒట్టోమన్ అధికారులూ దాని కోసం పోటీపడుతుండగా, 1869లో స్థానిక బెదువిన్లు దాన్ని మంటలో కాల్చి చన్నీళ్లు పోసి ముక్కలు చేశారు. అంతకుముందే ఫ్రెంచి పండితుడు క్లెర్మోన్ గానో తడి కాగితం అద్ది అచ్చు తీయించి ఉండడం వల్ల, తర్వాత సేకరించిన ముక్కలను ఆ అచ్చు సాయంతో కూర్చి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నిలిపారు.

రాజుల తగవుల పక్కన ఆడపడుచుల వరస ఒకటి ఉంది. రూతు గ్రంథంలో బేత్లెహేములో కరవు వచ్చి ఎలీమెలెకు కుటుంబం బతకడానికి వెళ్లింది మోయాబుకే. భర్తనూ కొడుకులనూ పోగొట్టుకొన్న నయోమి తిరిగి వస్తుంటే వెంట నడిచిన కోడలు రూతు మోయాబీయురాలు. పొలంలో పరిగె ఏరుకొని అత్తను పోషించిన ఆమె బోయజును పెళ్లాడి ఓబేదును కన్నది, అతని మనుమడే దావీదు.

పొరుగు రాజవంశపు ఆడబిడ్డను వంశావళిలో చెప్పుకోవడం తెలుగు నేలకు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు సాగే మెట్రో దారిలో తర్వాతి స్టేషనైన చైతన్యపురికి సమీపాన, కోసగుండ్ల నరసింహస్వామి ఆలయం ఉన్న గుట్ట బండ మీద బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం ఉంది. క్రీ.శ. 5వ శతాబ్ది ప్రాంతానిదిగా భావించే ఆ రాత గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారాన్ని పేర్కొంటుంది. ఆ రాజు విష్ణుకుండిన వంశపు గోవిందవర్మ అని చరిత్రకారులు గుర్తించారు. అతని కొడుకు మాధవవర్మ విదర్భను ఏలిన వాకాటకుల ఆడపడుచును పెళ్లాడాడు. ఆమె కొడుకు విక్రమేంద్రవర్మను చిక్కుళ్ల తామ్రశాసనం రెండు వంశాలకూ అలంకారమని పొగిడింది. విష్ణుకుండినులు తల్లివైపు పరాయి రక్తాన్ని బిరుదుగా ధరించారు. దావీదు వంశీకులకు అదే రక్తం శాస్త్రపు చిక్కు తెచ్చింది.

బబులోను చెర నుంచి యూదులు తిరిగివచ్చాక, నెహెమ్యా గ్రంథం ప్రకారం ఆ నిషేధాన్ని ప్రజలకు చదివి వినిపించారు, వారి అధికారి నెహెమ్యా మోయాబు స్త్రీలను పెళ్లాడినవారిని గద్దించాడు. ఆ నిషేధం రూతుకూ వర్తిస్తే దావీదు సంగతేమిటన్న ప్రశ్నకు తాల్ముదు, అంటే యూదుల ధర్మచర్చల సంకలనం, జవాబిచ్చింది: అన్నపానాలతో బాటసారులకు ఎదురేగడం మగవారి బాధ్యత గనుక నిషేధం వారికే, ఆడవారికి కాదు. నెహెమ్యా నాటికే అష్షూరుకు కప్పం కట్టి, బబులోను దెబ్బకు చితికిన మోయాబు రాజ్యపు నేల తర్వాత నబతీయులనే అరబ్బుల సీమలో కలిసిపోయింది. క్రీ.శ. 1వ శతాబ్ది చివర యూదా అనే అమ్మోనీయుడొకడు యూదు మతం పుచ్చుకొని, సమాజంలో తనకు చోటుందా అని ధర్మసభలో అడిగాడు. రబ్బీ గమలీయేలు కుదరదన్నాడు. అష్షూరు రాజు సన్హెరీబు జాతులన్నిటినీ కలగలిపేశాడు గనుక అమ్మోనీయులూ మోయాబీయులూ ఇప్పుడు తమ పాతచోట లేరని మరో రబ్బీ యెహోషువ వాదించాడు. సభ యెహోషువ మాటే ఒప్పుకొని అతణ్ణి చేర్చుకొంది.