ఇంటిపేరు ఒకటైతే చుట్టాలేనా?

మా ఫ్రెండ్ ఒకడు ఆఫీసులో పరిచయమైన అమ్మాయిని పెళ్ళి చేసుకుందామనుకున్నాడు. కులం కూడా ఒకటే కాబట్టి ఇంట్లో గొడవ ఉండదని ధీమా. ఇద్దరి ఐడీ కార్డుల మీదా ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒట్టి 'టి' అక్షరమే. తీరా ఆరా తీస్తే ఇద్దరిదీ తిరుమలగిరే! "పాలోళ్ళ పిల్ల, నీకు చెల్లె అయితదిరా" అని వాళ్ళ నాయనమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

నిజంగా చెల్లెలేనా?

వీడి పూర్వీకులది సూర్యాపేట వైపు తిరుమలగిరి (2016 దాకా నల్గొండ జిల్లాలోదే). నాగార్జునసాగర్ వైపు ఇంకో తిరుమలగిరి ఉంది. సికింద్రాబాద్ కంటోన్మెంటు తిరుమలగిరి సంగతి ట్రాఫిక్ పుణ్యమా అని మనందరికీ తెలుసు. అసలు ఊరిపేరు ఇంటిపేరు అవ్వాలంటే ఆ ఊరు వదిలి రావాలి. ఊళ్ళోనే ఉన్నవాణ్ణి ఊరిపేరుతో పిలిస్తే ఎవరని గుర్తుపడతారు? వెళ్ళిన చోట "తిరుమలగిరోళ్ళు" అంటారు, ఏ కులం వాళ్ళు వెళ్ళినా సరే. డేటాబేస్ భాషలో చెప్పాలంటే ఇంటిపేరు ప్రైమరీ కీ కాదు.

దీనికి పెద్ద ఉదాహరణ మా నల్గొండ చరిత్రలోనే ఉంది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్ళు కట్టించింది రేచర్ల రెడ్లు. 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా కాకతీయుల సేనానే. 1323లో ఓరుగల్లు పడిపోయాక రాచకొండ, దేవరకొండల నుంచి ఏలినవాళ్ళూ రేచర్ల వాళ్ళే, కానీ వీళ్ళు పద్మనాయక వెలమలు. రుద్రుడూ, సర్వజ్ఞ సింగభూపాలుడూ ఒకే వంశం అని నేను ఇంజనీరింగ్ అయ్యేదాకా అనుకున్నాను! చరిత్రకారులు మాత్రం రెండు వంశాలుగానే లెక్కేస్తారు.

నాయనమ్మ మాట ఉత్తదేనని అనలేను. ఊరు, కులం, గోత్రం మూడూ కలిస్తే అనుమానించాల్సిందే. కానీ పది తరాలు వెనక్కి వెళ్తే ఒక్కొక్కరికి లెక్కప్రకారం 1024 మంది పూర్వీకులు. ఇంటిపేరు వచ్చేది అందులో ఒక్కరి నుంచి. మిగతా 1023 మంది ఎవరికీ గుర్తులేరు.

తమాషా ఏంటంటే, వీడి అమ్మానాన్నలది మేనరికం. చేయించింది ఈ నాయనమ్మే! 1955 హిందూ వివాహ చట్టం ఆచారం ఉంటే తప్ప మేనరికాన్ని ఒప్పుకోదు. ఇంటిపేరు ఊసు మాత్రం అందులో ఎక్కడా లేదు.

అమ్మాయి వాళ్ళ తాతది సాగర్ వైపు తిరుమలగిరి అని నిన్న తేలింది. మావాడు ఆదివారం ఊరెళ్తున్నాడు, మ్యాప్ ప్రింటవుట్ తీసుకుని.